ఇసుక ఫిల్టరు డైరీ: రెండు డ్రమ్ములు, పది నెలలు, పద్నాలుగు నల్ల సీసాలు

మాది రాజోలు వైపు శివారు ఊరు. ధవళేశ్వరంలో వదిలిన నీళ్ళు గన్నవరం అక్విడక్టు (కాలువ వంతెన) మీదుగా గోదావరి పాయ వైనతేయ దాటి, దారిలో అందరి చేలూ తడిపి, అందరి గేదెలూ కడిగి, చివర్న మా మంచినీళ్ళ చెరువులో పడతాయి. కాటన్ దొర ఆనకట్ట 1852లో పూర్తయింది. శివారు వాడి బాధ కూడా అంత పాతదే.

నేను మోటార్లు, ప్లంబింగు పని చేస్తాను. మా ఆవిడ ఆశా కార్యకర్త. ఊరి బడిలో 46 మంది పిల్లలు. బడిలో ఉన్న నీళ్ళ మెషీను మెంబ్రేన్ పోయి మూలన పడింది, బాగుచేయించే దిక్కు లేదు. అక్టోబరు మూడో వారంలో బడికి ఒకటి, మా ఇంటికి ఒకటి ఇసుక ఫిల్టరు కట్టడం మొదలెట్టాం. ఇంటిది ఎందుకంటే, రోజూ తప్పకుండా నీళ్ళు పోసేది ఒకటి పక్కన ఉంటే, బడిలో తేడా వచ్చినప్పుడు పోల్చి చూసుకోవచ్చు.

డ్రమ్ములో పైన పోసిన నీళ్ళు ఇసుకలోంచి దిగి, అడుగున ఉన్న పైపు గుండా బయటికొస్తాయి, అంతే ఈ ఫిల్టరు. ఎవరైనా కట్టుకుంటారని కొలతలతో సహా రాస్తున్నాను. తప్పులే ఎక్కువ ఉన్నాయి, అవి ముందు చదవండి.

దశ 0: కట్టక ముందు కొలిచినవి

నా చేతిలో టీడీఎస్ మీటరు ఉంది, నీళ్ళలో కరిగినవి లీటరుకి ఎన్ని మిల్లీగ్రాములో చూపేది. మొదటి తప్పు అదే. చెరువు నీళ్ళలో పెడితే 190 చూపించింది. బడి బోరులో 2,100. కొనుక్కునే టిన్ను నీళ్ళలో 40. తాగునీటికి మన దేశపు ప్రమాణం 500 లోపు ఉండాలంటుంది, వేరే దారి లేకపోతే 2,000 దాకా ఒప్పుకుంటుంది. ఆ లెక్కన చెరువు నీళ్ళు భేషుగ్గా ఉన్నాయని బడిలో మాస్టారికి కూడా చెప్పేశాను.

మా ఆవిడ పంచాయతీ కిట్టులో నుంచి హెచ్2ఎస్ సీసాలు తెచ్చింది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి నీళ్ళ పరీక్ష నేర్పించారు, ఆవిడ అందులో ఉంది. సీసాలో గీత దాకా నీళ్ళు పోసి మూతపెట్టి ఒకటి రెండు రోజులు వదిలేస్తే, మలం కలిసిన నీళ్ళయితే నల్లబడుతుంది. చెరువు నీళ్ళు పోసిన రెండూ, బడి కుళాయివి రెండూ, మా ఇంటి బిందెది ఒకటీ, అన్నీ తెల్లారేసరికి తారు పోసినట్టు అయ్యాయి. టిన్నుది ఒక్కటే మారలేదు.

టీడీఎస్ మీటరు ఉప్పుని కొలుస్తుంది. రోగాన్ని కొలవదు. ఈ ముక్క తెలియక ఊళ్ళో సగం మంది మీటరు జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. నేనూ వాళ్ళలో ఒకణ్ణే.

మడ్డి చూడ్డానికి పరికరం కొనలేదు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు సీసాలో నీళ్ళు పోసి, పేపరు హెడ్డింగు మీద నిలబెట్టి, పైనుంచి చూడాలి. అక్షరాలు చదవగలిగితే ఫిల్టర్లో పోయొచ్చు. చదవలేకపోతే ముందు తేర్చాలి. అక్టోబరులో చెరువు నీళ్ళకి అక్షరాలు కనపడ్డాయి.

సీసాలు: 6 వాడాం, 5 నల్లబడ్డాయి.

దశ 1: డ్రమ్ము, పైపు

మొదటి డ్రమ్ము 600 రూపాయలకి దొరికింది. అంత చవగ్గా ఎందుకిచ్చాడో ఇంటికొచ్చి మూత తీస్తే తెలిసింది. రొయ్యల చెరువులో కొట్టే మందు తాలూకు డ్రమ్ము. సబ్బుతో, సోడాతో, ఎండలో పెట్టి మూడు రోజులు కడిగినా వాసన పోలేదు. మా వైపు నీలం డ్రమ్ము చవగ్గా దొరికిందంటే అనుమానించండి. తినే సరుకు వచ్చిన డ్రమ్మేనని గట్టిగా తెలిస్తేనే కొనండి. అది ఇప్పుడు తాపీ పనికి వాడుతున్నాం. 600 గోవిందా.

తర్వాత 950 చొప్పున రెండు తెచ్చాను. 200 లీటర్లవి, లోపల అడ్డంగా 57 సెం.మీ., ఎత్తు 88. మామూలు పచ్చళ్ళ డ్రమ్ములు, రెండో రోజుకి ఆవ ఘాటు పోయింది.

1. అడుగు నుంచి 4 సెం.మీ. ఎత్తున హోల్ సాతో ముప్పావంగుళం ట్యాంక్ నిపుల్‌కి సరిపడా కన్నం.
2. లోపలా బయటా రబ్బరు వాషరు వేసి నిపుల్ బిగించాలి. మరకి టెఫ్లాన్ టేపు కనీసం పన్నెండు చుట్లు.
3. లోపలి వైపు 45 సెం.మీ. పీవీసీ పైపు. దాని అడుగు వైపు ఆక్సా బ్లేడుతో సెంటీమీటరుకో గాటు, చివర ఎండ్ క్యాప్.
4. బయటి వైపు ఎల్బో వేసి పైపు నిలువుగా పైకి లేపాలి. డ్రమ్ము అడుగు నుంచి 65 సెం.మీ. దగ్గర వంపు తిప్పి నీళ్ళు కిందికి పడేలా వదలాలి. కుళాయి పెట్టకూడదు.
5. ఇసుక వెయ్యకముందే డ్రమ్ము నిండా నీళ్ళు పోసి రాత్రంతా వదిలి, కింద పేపరు పరిచి తడి చూడాలి.

ఆ 65 ఎక్కడిదంటే: కింద కంకర చిప్స్ 5, వాటి మీద సన్న చిప్స్ 5, ఇసుక 50, ఇసుక మీద ఎప్పుడూ నిలిచి ఉండాల్సిన నీళ్ళు 5. బయట పైపు నోరు ఎంత ఎత్తున ఉంటే లోపల నీళ్ళు అక్కడే ఆగుతాయి. ఈ ఫిల్టరు గుట్టంతా ఈ ఒక్క పైపు ఎత్తులో ఉంది.

అయిదో మెట్టు నేను ఇంటి డ్రమ్ముకి చేయలేదు. ఇరవై ఏళ్ళ నుంచి నిపుళ్ళు బిగిస్తున్నాను, నాకెందుకు పరీక్ష అనుకున్నాను. ఇసుకంతా నింపాక, మూడో రోజున కింద సిమెంటు మీద అరచేయంత తడి కనిపించింది. డ్రమ్ము గుండ్రం, వాషరు చదును. ఆ వంపు దగ్గర వాషరు సరిగ్గా కూచోలేదు. బయటి వైపు మందం వాషరు, లోపల పల్చటిది వేశాక ఆగింది. దాని కోసం దాదాపు రెండు వందల కిలోల ఇసుక పళ్ళెంతో తోడి బయట పోశాను.

పైన నీళ్ళు ధారగా పడి ఇసుక గుంటపడకుండా ప్లాస్టిక్ బేసిన్లకి 3 మి.మీ. డ్రిల్లు బిట్టుతో రెండున్నర సెం.మీ.కో చిల్లు వేసి డ్రమ్ము మూతి మీద కూచోబెట్టాను.

ఖర్చు: పోయిన డ్రమ్ము 600, మంచి డ్రమ్ములు 1,900, పైపు సామాను 740, బేసిన్లు 360. ఇప్పటివరకు 3,600.

దశ 2: ఇసుక

మొత్తం పనిలో సగం కష్టం ఇక్కడే. మూడు ఇసుకలు చూశాం.

మొదటిది ఇల్లు కట్టగా మిగిలిన గోదావరి ఇసుక. ఉచితం. శుభ్రంగా కడిగి నింపాను. పైదాకా నీళ్ళు పోసి, లీటరు చెంబు పెట్టి ఫోన్లో స్టాప్‌వాచ్ నొక్కితే 11 సెకన్లలో నిండింది. చూసినవాళ్ళంతా "భలే స్పీడుగా వస్తన్నాయండి" అన్నారు. అదే తప్పు. ఇలాంటి ఫిల్టర్లో చదరపు మీటరు ఇసుక మీద గంటకి 400 లీటర్లకి మించి దిగకూడదు. మా డ్రమ్ము మూతి పావు చదరపు మీటరు, అంటే గంటకి వంద లీటర్లు. లీటరుకి 36 సెకన్లన్నా పట్టాలి. 11 సెకన్లంటే నీళ్ళు ఫిల్టర్లో ఆగడం లేదు, దాటిపోతున్నాయంతే. తాపీ పనికి మంచి ఇసుకంటే గరుకుది. ఫిల్టరుకి సన్నది కావాలి.

రెండోది అంతర్వేది బీచి ఇసుక, మా తమ్ముడి సలహా. సన్నగా చక్కెరలా ఉంటుంది. ముందు బక్కెట్లో వేసి చూశాం. నాలుగుసార్లు కడిగాక కూడా పైనీళ్ళలో మీటరు 1,400 చూపించింది. పైగా గవ్వ ముక్కలు. అవి నీళ్ళలో కొంచెం కొంచెం కరుగుతూ, సబ్బు నురగ రాని గట్టి నీళ్ళు చేస్తాయి. అది పెరట్లో పోసేశాం, పిల్లలు ఆడుకుంటున్నారు.

మూడోది క్రషర్ డస్టు. రాజమండ్రి అవతల క్వారీల నుంచి వచ్చేది, రోబో ఇసుక వ్యాపారం చేసే అతని దగ్గర ఆటో లోడు 900కి దొరికింది. నల్లరాయి పొడి కాబట్టి మట్టీ, కుళ్ళిన ఆకూ ఏం ఉండవు. పని మాత్రం ఇలా:

1. బాగా ఎండబెట్టాలి. తడిగా జల్లిస్తే మెష్ పట్టేస్తుంది. నవంబరు మొదటి వారం ముసురు పట్టి ఆరు రోజులు టార్పాలిన్ కింద పడుంది.
2. దోమల మెష్ చెక్క చట్రానికి కొట్టి జల్లించాలి. కింద పడిందే మన ఇసుక.
3. బక్కెట్లో మూడోవంతు ఇసుక, రెండింతల నీళ్ళు. చేత్తో గిరగిరా తిప్పి, మురికి నీళ్ళు వంచెయ్యాలి.
4. సీసా పరీక్ష: గాజు సీసాలో గుప్పెడు ఇసుక, నీళ్ళు పోసి కుదిపి, కింద పెట్టి ఒకటి నుంచి నాలుగు దాకా లెక్కపెట్టాలి. ఇసుక పైగీత లీలగా కనిపిస్తే చాలు. ఏమీ కనిపించకపోతే ఇంకా కడగాలి. అద్దంలా కనిపిస్తే ఎక్కువ కడిగేశారు, సన్నదంతా కొట్టుకుపోయింది.
5. డ్రమ్ములో ముందు నీళ్ళు, తర్వాత ఇసుక. పొడి డ్రమ్ములో ఇసుక పోస్తే లోపల గాలి బుడగలు ఇరుక్కుంటాయి.

ఇంటి డ్రమ్ముకి నాలుగుసార్లు కడిగి వేస్తే లీటరుకి 95 సెకన్లు పట్టింది. మళ్ళీ తోడాను. ఎనిమిదిసార్లు కడిగాక 41. బడిదానికి తొమ్మిదిసార్లు, 38. ఎన్నిసార్లన్నది మీ ఇసుకని బట్టి మారుతుంది. సీసానే నమ్మండి, నా అంకెల్ని కాదు.

ఇసుక కడగడానికి ఇద్దరు ఆడమనుషులకి రోజు కూలిచ్చాం. కడిగిన నీళ్ళు వదిలిన చోట బోదె కాలువ నాలుగు రోజులు బూడిదరంగు తిరిగింది. పక్క చేను రైతు వచ్చి "ఏం మందు కలిపేశారండి బాబూ" అని గొడవ. రాతిపిండే అని చేతిలో వేసి చూపిస్తే గానీ వెళ్ళలేదు. కడిగే చోటు ముందే చూసుకోండి.

వారానికి ఇసుక కుదురుకుని కిందికి దిగింది. పైన నిలిచిన నీళ్ళు 5 ఉండాల్సింది 9 సెం.మీ. అయ్యాయి. అంత లోతైతే కింద ఇసుకకి గాలి అందదు. రెండు బక్కెట్లు ఇసుక మళ్ళీ వేసి సరిచేశాను.

ఖర్చు: మెష్ 160, డస్టు 900, చిప్స్ 150, కూలి 1,000. ఇప్పటివరకు 5,810.

దశ 3: తాగకూడని నెల

ఇసుక వడకట్టడం సగమే. పైన ఒకటి రెండు సెంటీమీటర్లలో సూక్ష్మజీవుల పొర ఒకటి పడుతుంది. వచ్చే రోగక్రిముల్ని తినేది అది. స్కాట్లాండులో పైస్లీ అనే ఊళ్ళో 1804లోనే ఇసుక మడులతో ఊరికి నీళ్ళిచ్చారు, 1829లో లండన్లో థేమ్స్ నీళ్ళకి పెట్టారు. ఆపి ఆపి పోసుకునే ఈ చిన్న రకం మాత్రం 1990ల్లో కెనడాలోని కాల్గరీ విశ్వవిద్యాలయంలో డేవిడ్ మాంజ్ అనే ఆయన తయారుచేసింది. పొర పడ్డానికి రెండు మూడు వారాలు, మాకు చలికాలం కాబట్టి ఇంకొంచెం ఎక్కువే. ఆ రోజుల్లో రోజూ నీళ్ళు పోయాలి, వచ్చినవి మొక్కలకి పోసుకోవాలి.

విడతకి మూడు బిందెలు, అంటే 45 లీటర్లు. ఇసుక సందుల్లో పట్టే నీళ్ళు సుమారు అంతే. పోశాక కనీసం గంట వదిలెయ్యాలి. బడికి పొద్దున్నా మధ్యాహ్నం రెండు విడతలు సరిపోతాయి.

రెండో వారం బడి ఫిల్టరు ఎండిపోయింది. వెళ్ళి చూస్తే పైన ఇసుక పగుళ్ళు వారి ఉంది. పైపు నోటికి ఎవరో గార్డెన్ పైపు తొడిగి కింద బక్కెట్లో వదిలారు, చిమ్మకుండా పడతాయని. పైపు కొస కిందికి ఉంది కాబట్టి నీళ్ళన్నీ లాగేసుకుంది. డీజిలు లాగినట్టే. తప్పు వాళ్ళది కాదు, నాది. కుళాయి పెట్టొద్దని చెప్పాను గానీ పైపు తొడగొద్దని చెప్పలేదు. పొడిగించడానికి వీల్లేకుండా నోటి దగ్గర పైపుని ఏటవాలుగా కోసి, ఎల్బో పైభాగంలో 3 మి.మీ. గాలి చిల్లు ఒకటి వేశాను. చిల్లుంటే ఎవరు తొడిగినా లాగదు. ఇంటిదానికీ వేశాను. బడిలో లెక్క మళ్ళీ ఒకటో రోజు నుంచి.

డిసెంబరులో సీసాల్ని నమ్మకండి. రాత్రి చలికి లోపల క్రిములు ఎదగవు, నల్లబడకపోతే నీళ్ళు మంచివనుకుంటాం. ఊక నింపిన అట్టపెట్టెలో గుడ్డ చుట్టి పొయ్యి గట్టు మీద పెట్టాం.

మొదటి వారం: రెండూ నలుపు. మూడో వారం: బడిది నలుపు, ఇంటిది కూడా నలుపే గానీ 40 గంటలకి. అయిదో వారం: రెండూ మారలేదు.

సీసాలు: 12 వాడాం, 9 నల్లబడ్డాయి.

దశ 4: గ్లాసు

ఇక తాగొచ్చని బడిలో చెప్పేశాం. పదిరోజులకి మా ఆవిడ నాలుగు సీసాలు పట్టుకుని వెళ్ళింది. బడి ఫిల్టరు పైపు దగ్గరిది: శుభ్రం. మూడడుగుల అవతల బక్కెట్లోది: నలుపు. మా ఇంటి పైపుది: శుభ్రం. మా బిందెలోది: నలుపు.

మర్నాడు మధ్యాహ్న భోజనం గంటకి నేను బడి అరుగు మీద కూచుని చూశాను. బక్కెట్టు మీద స్టీలు పళ్ళెం మూత, మూత మీద గ్లాసు. మొదటి పిల్ల మూత తీసి గచ్చు మీద బోర్లా పెట్టింది. గ్లాసు ముంచింది, వేళ్ళు కణుపుల దాకా మునిగాయి. తాగి, మిగిలిన రెండు గుక్కలు తిరిగి బక్కెట్లో పోసింది, పారబోస్తే మాస్టారు తిడతారని. తర్వాతవాడి చేతికి పప్పు ఉంది. పన్నెండో వాడు వచ్చేసరికి నీళ్ళ మీద నూనె చుక్కలు మెరుస్తున్నాయి. మూత మళ్ళీ బక్కెట్టు మీదికెక్కింది, గచ్చు మట్టితో సహా.

రెండు నెలలు ఇసుక కడిగాను. ఆ గ్లాసు గురించి ఒక్క నిమిషం ఆలోచించలేదు.

మార్చినవి: మూతా కుళాయీ ఉన్న 60 లీటర్ల డబ్బాలు రెండు, 450 చొప్పున. మూతి చెయ్యి పట్టనంత చిన్నది. కుళాయి మొదట పెద్దవాళ్ళ ఎత్తున బిగించాను. ఒకటో తరగతి వాళ్ళు అందక స్టూలెక్కి మూత తియ్యబోయారు. స్టాండు 40 సెం.మీ.కి కోసేశాను. గ్లాసులు తాడుకి వేలాడదీశాం. చేతులు కడిగే కుళాయి దగ్గర సబ్బుని పాత సాక్సులో వేసి కట్టింది వంట చేసే అక్క. అది ఆవిడ తెలివే. సబ్బు జారి బోదెలో పడదు, ఎవరూ పట్టుకుపోరు.

వారం తర్వాత రెండు డబ్బాల నీళ్ళూ శుభ్రం.

ఖర్చు: ఇప్పటివరకు 6,710. సీసాలు: 18 వాడాం, 11 నల్లబడ్డాయి.

దశ 5: సంక్రాంతి

రెండు రోజులకి మించి కొత్త నీళ్ళు పొయ్యకపోతే పైపొర చచ్చిపోతుంది. బడికి పండగ సెలవులు పదిరోజులు. కోడిపందేల రోజుల్లో వెళ్ళి డ్రమ్ములో నీళ్ళు పొయ్యమంటే ఎవరు పోస్తారు? నేనే పొయ్యను.

మెడికల్ షాపులో కొత్త సెలైన్ సెట్లు రెండు, 40 చొప్పున. ఇరవై లీటర్ల టిన్ను చెరువు నీళ్ళతో నింపి డ్రమ్ము పైన దూలానికి కట్టి, సెట్టు పైపు దించి, చక్రం తిప్పి నిమిషానికి 70 చుక్కలు పడేలా పెట్టాను. ఇరవై చుక్కలు ఒక మిల్లీలీటరు. అంటే రోజుకి అయిదు లీటర్లు, టిన్ను నాలుగు రోజులొస్తుంది. టిన్ను మూత కొంచెం వదులు చెయ్యాలి, లేకపోతే గాలి అందక ఆగిపోతుంది.

భోగి నాడు బాగానే ఉంది. కనుమ నాడు చూస్తే నిమిషానికి 9 చుక్కలు. టిన్ను నీళ్ళలో మడ్డి సెట్టు జల్లెడలో పేరుకుంది. రెండో సెట్టు మార్చి, ఈసారి ఒకరోజు తేరిన నీళ్ళు గుడ్డలో వడగట్టి పోశాను. సెలవులయ్యాక బడి సీసా 44 గంటలకి కొంచెం నల్లబడింది. దాన్ని నలుపు కిందే రాసుకున్నాం. ఇంటిది శుభ్రం. ఇంకో వారానికి బడిది కూడా శుభ్రం.

ఖర్చు: 6,790. సీసాలు: 21 వాడాం, 12 నల్లబడ్డాయి.

దశ 6: బ్లీచింగు

ఫిబ్రవరిలో ఊరంతా బ్లీచింగు చల్లే కార్యక్రమం జరిగింది. వచ్చినవాళ్ళలో ఒకాయన మంచి చేద్దామనే బడి ఫిల్టరు మూత తీసి, గుప్పెడు పొడి లోపల వేసి వెళ్ళాడు. పైపొర పోయింది. మూడో రోజు నలుపు, పన్నెండో రోజు నలుపు, ఇరవై నాలుగో రోజుకి శుభ్రం. ఆ మూడున్నర వారాలూ టిన్ను నీళ్ళే, రోజుకి మూడు.

క్లోరిన్ అక్కర్లేదని కాదు. ఫిల్టరు అన్ని క్రిముల్నీ తీసెయ్యదు, వైరసుల్ని ఇంకా తక్కువ తీస్తుంది. క్లోరిన్ ఫిల్టరు తర్వాత, డబ్బాలో వెయ్యాలి. మా లెక్క:

1. తాజా బ్లీచింగు పొడి 33 గ్రాములు లీటరు నీళ్ళలో కలిపి, తేరాక పైనీళ్ళు రంగు సీసాలో. ఇది దాదాపు ఒక శాతం ద్రావణం.
2. 45 లీటర్ల నీళ్ళున్న డబ్బాకి 9 మి.లీ. ఇంజెక్షను సిరంజితో కొలిచాం, సూది లేకుండా.
3. అరగంట ఆగాలి.
4. క్లోరోస్కోపు (నీళ్ళలో మిగిలిన క్లోరిన్ చూసే కిట్టు) చుక్కలు వేస్తే లేత పసుపు రావాలి, లీటరుకి 0.2 నుంచి 0.5 మిల్లీగ్రాముల మధ్య.

మొదటిసారి పసుపు రానే లేదు. వానాకాలం నుంచి మూతి విప్పి ఉన్న పొడి అది, వాసన కూడా లేదు, సున్నంతో సమానం. కొత్త పొట్లం 60 రూపాయలు. పొడి కొన్న తేదీ పొట్లం మీద రాయండి.

డ్రమ్ము మూత మీద ఎర్ర పెయింటుతో "ఇందులో ఏమీ వెయ్యరాదు, నీళ్ళు తప్ప" అని రాసి, తాళం బిగించాను. తాళం చెవి వంట చేసే అక్క దగ్గర.

ఖర్చు: 6,850. సీసాలు: 24 వాడాం, 14 నల్లబడ్డాయి.

దశ 7: కాలువ కట్టేశాక

దాళ్వా కోతలయ్యాక, ఏప్రిల్లో కాలువలు కట్టేశారు. చెరువులో ఉన్నదే నీరు. ఏప్రిల్ ఆఖరికి మీటరు 310, మే నడిమికి 640. తర్వాత పంచాయతీ వాళ్ళు బోరు నీళ్ళు కలిపారు, 1,300.

ఇక్కడ ఈ ఫిల్టరు చేతులెత్తేస్తుంది. 1,300 నీళ్ళు పోస్తే 1,300 నీళ్ళే వస్తాయి. ఇసుక ఉప్పుని తియ్యదు. ఎవరైనా తీస్తుందని చెబితే నమ్మకండి. మేలో మేము కూడా టిన్ను నీళ్ళే తాగాం. మా ఫిల్టరు మాత్రం వంటకీ, గిన్నెలకీ నడిచింది, పైపొర చావకూడదని. బడిది వేసవి సెలవుల్లో చుక్కల మీద పెట్టడం కుదరలేదు, చెరువు గట్టు దాకా వెళ్ళి టిన్ను నింపే ఓపిక ఎవరికుంది ఆ ఎండలో. వదిలేశాం. జూన్‌లో బడి తెరిచాక మూడు వారాలు మళ్ళీ మొక్కలకే. ఇక ప్రతి ఏడూ ఇంతే అని క్యాలెండరులో రాసుకున్నాం.

మా ఆవిడ రాసుకున్న లెక్క ఒకటి: విరేచనాలతో బడి మానిన పిల్లలు నవంబరులో తొమ్మిది మంది, ఫిబ్రవరిలో నలుగురు, జులైలో ఏడుగురు. దీన్నిబట్టి ఫిల్టరు పనిచేసిందనీ చెప్పలేం, లేదనీ చెప్పలేం. 46 మందితో ఏదీ తేలదు, పిల్లలు ఇంట్లో తాగే నీళ్ళు వేరే. ఆ ఏడుగురికీ ఓఆర్ఎస్ పొట్లాలూ, పద్నాలుగు రోజులకి జింకు బిళ్ళలూ ఆవిడే ఇచ్చొచ్చింది. నాలుగో రోజుకే తగ్గిపోయిందని జింకు మానేసిన ఇల్లు మూడు. వాళ్ళతో ఆవిడ పడ్డ గొడవ నా ఇసుక గొడవకన్నా పెద్దది.

దశ 8: ఎర్రనీళ్ళు

జులై రెండో వారం గోదావరికి కొత్తనీరు వచ్చింది. చెరువు టీ రంగు తిరిగింది. కూల్‌డ్రింకు సీసాలోంచి పేపరు హెడ్డింగు కాదు కదా, పేపరు ఉందో లేదో తెలియలేదు. అయినా పోసేశాను, చూద్దామని. ఇంటి ఫిల్టరు లీటరుకి 70 నుంచి మూడు రోజుల్లో 240 సెకన్లకి పోయింది.

పైపొర కడిగే పద్ధతి ఉంది: బేసిను తీసి, నిలిచిన నీళ్ళలో అరచెయ్యి ఆనించి మెల్లగా గుండ్రంగా తిప్పితే మట్టి పైకి లేస్తుంది. చెంబుతో తోడి పారబొయ్యాలి. వేళ్ళు ఇసుకలోకి దించకూడదు. అలా చేస్తే 75కి వచ్చింది. నాలుగు రోజులకి మళ్ళీ 200. ఇలా వారం వారం కెలుకుతుంటే పొర కుదురుకోదు.

పక్కింటి మామ్మ అక్టోబరు నుంచీ చూస్తూనే ఉంది. "ఒరేయ్ అబ్బాయ్, ఈ డ్రమ్ములూ గిమ్ములూ ఎందుకురా, కుండలో ఇండుపగింజ అరగదీస్తే తేరిపోవా" అని అప్పుడే అంది. నేను నవ్వాను. తేరితే చాలు శుభ్రమైనట్టే అనుకోవడం తప్పు, అందుకని నవ్వాను. కానీ ఆవిడ చెప్పింది మొదటి సగానికి సరిగ్గా సరిపోయింది. వంద లీటర్ల డబ్బా ఒకటి కొని ఫిల్టరు పక్కన పెట్టాం, 650. మామ్మే సానరాయి తెచ్చుకుని కూచుంది. తడి రాయి మీద గింజని గుండ్రంగా తిప్పుతుంటే తెల్లటి గంజిలాంటిది వచ్చింది. దాన్ని చెంబులో కలిపి, డబ్బాలో పోసి, కర్రతో అయిదు నిమిషాలు ఒకే వైపు తిప్పించింది.

వందకి ఎన్ని గింజలన్నది ఆవిడకి లెక్క లేదు, ఎప్పుడూ కుండకే చేసింది. మేము చేసి చూసినవి: రెండు గింజలు సగం సగం అరగదీస్తే తెల్లారినా హెడ్డింగు మసక. నాలుగు గింజలు అలాగే అరగదీస్తే ఆరు గంటల్లో అక్షరాలు చదవొచ్చు. ఆరు గింజలకి తేడా లేదు, పైగా రెండో రోజుకి నీళ్ళు కొంచెం వాసన. నాలుగు దగ్గర ఆగాం. బడిలో గింజలు అరగదీసే తీరిక లేదని పటిక వాడుతున్నారు. డబ్బా అడుగున మూడు వేళ్ళ మట్టి మిగులుతుంది, కుళాయి దానికి పైన ఉండాలి. నేను మొదట అడుగున పెట్టి, మట్టంతా ఫిల్టర్లోకే పంపాను.

జులై ఆఖరి వారం: రెండు సీసాలు, రెండూ శుభ్రం.

ఖర్చు మొత్తం: 7,500. ఒక్కో ఫిల్టరుకి 3,750 పడింది, నా కూలి వెయ్యకుండా. సీసాలు: 26 వాడాం, 14 నల్లబడ్డాయి.

ఆగస్టు మొదటి శనివారం: ఇల్లు లీటరుకి 82 సెకన్లు, బడి 64. ఇంటి నిపుల్ దగ్గర మళ్ళీ రూపాయి బిళ్ళంత తడి. ఇసుక తియ్యకుండా బయటి నుంచే వాషరు మార్చే ఉపాయం ఎవరికైనా తెలిస్తే చెప్పండి. ఈ ఆదివారం తోడే ఓపిక నాకు లేదు.